ఉత్త చేతులు

గంట మోగగానే శివకుమారి చేతులు ముందు లేచాయి, కాళ్లు తర్వాత లేచాయి. తన బల్ల మీది టీ గ్లాసు, పక్క బల్ల మీదిది, ఆ పక్కదీ వేళ్లకు తగిలించుకుని ఆమె కుళాయి వైపు నడుస్తుంటే, మగవాళ్లంతా చేతులూపుకుంటూ మేడ మెట్లెక్కుతున్నారు.

కల్లూరులోని ఆ విత్తనాల కంపెనీ ఆఫీసుకు ఈ గంట కొత్త. మేనేజరు శివశంకర్ నడుం పట్టేసి కొన్నాళ్లు మంచం దిగలేకపోయాడు. రోజంతా కుర్చీకి అంటుకుపోతే ఇంతేనని డాక్టరు చెప్పాడట. తిరిగొచ్చిన రోజే పూజ సామాన్ల అంగట్లో ఇత్తడి గంట కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాకు పట్టిన గతి మీకు పట్టగూడదప్పా. నేను గంట కొడితే హారతికి లేసినట్టు అందరూ లేయాల. కాసేపు నడిసొచ్చి కూసోవాల."

అందరూ నవ్వారు. శివకుమారికి మాత్రం లోపలెక్కడో ముడి వదులైనట్టనిపించింది. బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కిస్తూ కూర్చుంటే మధ్యాహ్నానికల్లా ఆమె పిక్కల్లో చీమలు పాకుతాయి. నడుం కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. లేచి నడవమని ఇంతవరకూ ఆమెకు ఎవరూ చెప్పలేదు. లేచి ఏదో ఒకటి తెమ్మనే చెప్పారు.

మొదటి రోజు తప్పు ఆమెదే. గంటకు లేచింది, లేస్తూ లేస్తూ ఖాళీ గ్లాసులు ఏరుకుంది. ఎవరూ అడగలేదు. మర్నాటికి గ్లాసులు బల్లల అంచుకు జరిగి ఆమె కోసం కాచుకున్నాయి. తర్వాత వాటి పక్కన నీళ్ల బాటిళ్లు చేరాయి. "ఎట్లాగూ లేస్తాండావు గదక్కా, ఆ చేత్తోనే కొంచెం టీ గూడా పెట్టు" అన్నాడు పక్క బల్ల జయరాజ్. మంచివాడే. అక్కా అనే పిలుస్తాడు. మేడ మీద మగవాళ్లు ఎండు గాలిలో అటూ ఇటూ తిరుగుతూ పత్తి ధర గురించి వాదించుకునే మాటలు కింద టీ మరిగే చప్పుడులోకి దిగివచ్చేవి.

ఎందుకు ఏరుకున్నాను అని ఆమె తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. పెళ్లైన కొత్తలో ఒక సాయంత్రం ఊరికే వాకిట్లోకి వెళ్లి నిలబడితే అత్త రామేశ్వరమ్మ అన్న మాట గుర్తొచ్చేది. "ఆడది ఉత్త చేతులతో లేయగూడదు కుమారీ. పోయేటప్పుడు ఒక చెంబు, వచ్చేటప్పుడు ఒక గిన్నె. అట్లయితేనే సంసారం కదుల్తాది." కోపంగా కాదు, వంట నేర్పినట్టు నేర్పింది. ఆమెకూ ఎవరో అట్లాగే నేర్పి ఉంటారు. మోకాళ్లు అరిగినా ముసలామె ఈనాటికీ చేతిలో చేట లేకుండా గడప దాటదు. ఆ మాట శివకుమారి చెవుల్లో కాదు, చేతుల్లో ఉండిపోయింది.

ఇంటికొచ్చి జొన్నరొట్టెలు తడుతూ, నడుం నొస్తాందని ఒకసారి అంది. భర్త బసవరాజ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"కుర్చీలో కూసోని వచ్చేదానికి నడుం నొప్పేందే? జీతమిచ్చి మరీ ఎక్సర్‌సైజు చేపిస్తాండారంట."

"సెనక్కాయ చేన్లో పొద్దంతా వంగినోళ్లం మేము" అంది అత్త. "కూసుంటే ఒళ్లు పట్టేస్తాది. కొంచెం కదులు."

పెనం మీది రొట్టె తిప్పుతూ, నిలబడే విన్నది శివకుమారి.

ఆ వారంలోనే శివశంకర్ అందరినీ పిలిచాడు. "ఈమెను చూసి నేర్చుకోండప్పా. మనందరికన్నా ఎక్కువ నడిచేది శివకుమారే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టే చేతులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆమె చేతిలో మాత్రం ట్రే ఉంది. ఆ పూటంతా ఆమె వేళ్లు తప్పుడు అంకెలే నొక్కాయి. కొట్టేసి, మళ్లీ నొక్కి, మళ్లీ కొట్టేసింది.

తర్వాతిసారి గంట మోగగానే లేచింది. చేయి అలవాటుగా గ్లాసు మీదికి పోయింది. తీసింది. ఒక క్షణం పట్టుకుని, తిరిగి అక్కడే పెట్టింది. మేడ మెట్లెక్కింది. ఎక్కుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగు చివర పట్టుకుంది. అదీ వదిలేసింది. పైన ఎండకు కళ్లు మూసుకుపోయాయి.

"ఏమక్కా, ఈడికొచ్చినావు? టీ పెట్లేదా?" అన్నాడు జయరాజ్.

"గంట మోగింది గదప్పా. నడుస్తాండా."

అతను పక్కకు జరిగాడు. మగవాళ్లు మళ్లీ పత్తి ధరలోకి దిగారు. పిట్టగోడ వెంబడి ఆమె తిరుగుతూనే ఉంది. వెనక్కి పిలుస్తారేమోనని అడుగులు తొందరపడ్డాయి. ఎవరూ పిలవలేదు. పిక్కల్లో చీమలు ఒక్కొక్కటే దిగిపోయాయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక, వాకిట్లోకి పోదామని ఆమె లేచింది. బసవరాజ్ తన ఎంగిలి పళ్లెం ఇటు జరిపాడు.

"ఎట్లాగూ లేసినావు గదా, ఇదీ తీస్కపో."

అత్త ఆమె చేతుల వైపు చూసింది. శివకుమారి కూడా చూసుకుంది.

"లేదు. ఉత్తగనే లేసినా" అని చెప్పి, గడప దాటింది.