సాంచాల గొంతు

మధుకర్ గొంతు సంగతి ముందే చెప్పాలి, లేకపోతే కథ ముందుకు నడవదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. మీసాలు రాకముందే సాంచాల షెడ్డులో పనికి చేరాడు వాడు. ఆ టకటకల మధ్య పక్కవాడికి మాట వినపడాలంటే మెడ నరాలు తేలేలా అరవాలి. అట్లా అరిచీ అరిచీ, షెడ్డు బయటికొచ్చినా గొంతు తగ్గించడమే మర్చిపోయాడు. ప్రేమగా అన్నం పెట్టమన్నా కొట్లాటకు దిగినట్టుండేది. ఊళ్లో సగం మంది మగవాళ్లది అదే గొంతు కాబట్టి అక్కడెవరూ పట్టించుకోరు.

పట్టించుకున్నది సృజన. వాడి పెళ్లాం, కోరుట్ల పిల్ల. వాడకట్టు ఆడవాళ్లంతా ఒకచోట చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, రేడియో వింటూ బీడీలు చేసే ఇంట్లో పెరిగింది. అక్కడ ముచ్చట్లన్నీ గుసగుసలే. అలాంటి పిల్లకు మొగుడు నోరు తెరిస్తే చాలు, గుండె దడ.

"ఎందుకు నా మీద గింత కోపం?" అని అడిగేది.

"కోపమేంది? నాకేం కోపం లేదు!" అని వాడు ఇల్లెగిరిపోయేలా చెప్పేవాడు. ఇక ఆ పిల్ల ఎట్లా నమ్ముతుంది, పాపం!

బతుకమ్మకు పుట్టింటికి వెళ్లింది. దసరా దాటినా తిరిగి రాలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. "బస్సులు బంద్ గదా, బిడ్డ ఎట్లస్తది?" అని మామ రాజనర్సు ఫోన్‌లో అన్నాడు. మధుకర్ నమ్మాడు. కానీ జనం కోరుట్ల నుంచి జగిత్యాలకూ, అక్కణ్నుంచి ఇటువైపూ ఆటోలు మారుతూ రానే వస్తున్నారు. అనుమానమొచ్చి సృజనకే ఫోన్ కొట్టాడు.

"అస్తవా, రావా?" అన్నాడు. అడగడమే అది. ఆమె చెవికి మాత్రం గద్దింపు.

"నీ కోపం తగ్గినంక అస్త. తగ్గకుంటే ఈడనే ఉంట" అని పెట్టేసింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తితే ఒట్టు. లేని కోపాన్ని ఎట్లా తగ్గించుకోవాలో తెలియక మధుకర్‌కు తిండి సయించలేదు.

బొగ్గు గనులు కూడా సమ్మెలోకి దిగేసరికి కరెంటు చెప్పాపెట్టకుండా పోతోంది. ఆ మధ్యాహ్నం పోగానే సాంచాలన్నీ ఆగాయి. పక్క సాంచాల మీద పనిచేసే గంగయ్య బ్యాటరీ రేడియో పెట్టాడు. 'జనంతో ముచ్చట' వస్తోంది. సమ్మెలో మీ ఇల్లెలా గడుస్తోందో ఫోన్ చేసి చెప్పండి అంటోంది రత్నమాల, ఆ కార్యక్రమం నడిపే ఆమె.

"కాకా, గిది సృజన రోజూ ఇంటది!" అన్నాడు మధుకర్.

"మరింకేంది, కొట్టు ఫోన్! నీ ఫోన్ ఎత్తదు గని రేడియో బంద్ చెయ్యదు గదా" అన్నాడు గంగయ్య. గంగయ్య పుట్టి బుద్ధెరిగాక ఇచ్చిన మంచి సలహా అదొక్కటే.

వేళ్లు నొప్పి పుట్టాక లైను దొరికింది.

"నమస్కారం, ఎవరు మాట్లాడుతున్నారు?"

"మధుకర్ మేడం! సిరిసిల్ల!"

రేడియో కెవ్వుమంది. "మీ దగ్గర రేడియో సౌండ్ తగ్గించండి" అంది రత్నమాల. గంగయ్య కంగారులో రేడియో ఎత్తుకుని షెడ్డు అటు చివరికి పరుగెత్తాడు గానీ సౌండ్ మాత్రం తగ్గించలేదు.

"చెప్పండి మధుకర్ గారూ, ఇల్లెలా గడుస్తోంది?"

"ఇల్లేడిది మేడం! మా ఇంటామె కోరుట్లల ఉన్నది! అస్తలేదు!"

"మీ బాధ అర్థమైంది. కాస్త కోపం తగ్గించుకుని, ప్రశాంతంగా చెప్పండి."

ఈమె కూడా అదే మాట! మధుకర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. "నాకు కోపం లేదు మేడం!" అన్నాడు. అదే క్షణాన అటు చివర రేడియోలో ఎవడో రంకెలేయడం వినిపించింది.

"ఎవడు కాకా, గట్ల ఒర్రుతున్నడు?"

"నువ్వేరా!"

ఓర్నీ! ఇదా నా గొంతు? ఇన్నాళ్లూ ఆ పిల్ల పొద్దస్తమానం విన్నది దీన్నేనా? వాడికి తల కొట్టేసినట్టయింది. ఈసారి మాట్లాడితే గొంతు వాడిది కానట్టు సన్నగా వచ్చింది.

"మేడం... నేను సాంచాల కాడ పనిచేస్త. మెల్లగ మాట్లాడితే నాకే ఇనబడదు, గందుకే ఒర్రుత. సృజన మీద నాకు ఒక్కనాడు గుడ కోపం రాలే. గింత భయపెట్టిన అని నాకు ఇయ్యాలనే తెలిసింది."

"సృజన గారు వింటూ ఉంటే బాగుండు" అని చెప్పి రత్నమాల పాట వేసింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. పొద్దున కూడా మోగలేదు. రేడియో సలహా ఇచ్చిన పాపానికి గంగయ్య తిట్లు తిన్నాడు.

మధ్యాహ్నం సాంచాలు జోరుగా నడుస్తుండగా షెడ్డు గుమ్మంలో సృజన నిలబడింది. భుజాన సంచి, ఒంటినిండా ఆటో దుమ్ము. పెళ్లయ్యాక ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చెవులు మూసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని ఆ సాంచాలనూ, వాటి మధ్య మొగుణ్నీ చూసింది.

దగ్గరికొచ్చి ఏదో అంది. మధుకర్ చెవి చూపించాడు. మళ్లీ అంది. వాడు తల అడ్డంగా ఊపాడు. పిల్లకు రోషమొచ్చింది. సంచి కింద పడేసి, కొంగు నడుముకు దోపి, బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"నువ్వంటే నాకు పానం! ఇంటికి పోదాం పా!"

సాంచాలన్నీ ఆగిన షెడ్డులో ఆ కేక గోడగోడకూ తగిలింది. పనివాళ్లందరూ ఇటే తిరిగారు. మధుకర్ ఆమె దగ్గరికి వంగి, నేర్చుకున్న కొత్త గొంతుతో మెల్లగా అడిగాడు.

"ఎందుకు నా మీద గింత కోపం?"

"కోపమేంది? నాకేం కోపం లేదు!" అని అరిచింది సృజన.