దొరవారు లేని కోట

ఆ ప్రయోగశాలలో ఒక మహాసామ్రాజ్యం వర్ధిల్లుతూ ఉండేది. దాని విస్తీర్ణం అరచేయంత. ప్లాస్టిక్ పళ్ళెంలో వరుసలు తీరిన చిన్న గుంటలు దాని సంస్థానాలు. వాటిలో కాపురముండే, పుండ్లకు చీము పట్టించే స్టాఫ్ అనే జాతి బ్యాక్టీరియా దాని ప్రజలు. వైద్యశాస్త్రం సగర్వంగా ప్రయోగించిన యాంటీబయాటిక్‌లను వానజల్లులా దులుపుకొని, జిగురుతో బయోఫిల్మ్ అనే కోట కట్టుకొని, అందులో కాలు మీద కాలు వేసుకొని కూర్చోవడం ఆ ప్రజల జాతీయ వ్యసనం.

ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఏది నోరు మూసుకోవాలో శాసించే పెత్తందారు జన్యువొకటి వారిలో ఉంది. ప్రయోగశాలలో దాని ముద్దుపేరు ‘దొరవారు’. కోట కట్టమని ఉత్తర్వులిచ్చేది దొరవారేననీ, ఆయన్ను తొలగిస్తే కోట లేవదనీ నిరూపించి, ఆ నిరూపణ మీదనే తన కీర్తిసౌధాన్ని లేపుకొన్న మహనీయుడు ప్రొఫెసరుగారు.

ఆయన పద్ధతి జగద్విదితం. పక్కగదిలోకి కూడా వినబడేది. గుంటలు కడిగి, పళ్ళేన్ని బోర్లించి, మడతలు పెట్టిన కాగితం మీద ఫట్‌మని కొట్టాలి. అంటుకోని బ్యాక్టీరియా రాలిపోతుంది. మిగిలినదానికి ఊదారంగు వేస్తే, రంగు ఎంత చిక్కనైతే కోట అంత మందం. ఆ దెబ్బ సరిగా పలికేదాకా ఏ శిష్యుడికీ మోక్షం లేదు. ఇతరత్రా విద్యలు గురుముఖతః అబ్బుతాయి. ఇది గురుహస్తతః అబ్బేది.

ఇలా ఉండగా ఒక పరిశోధకురాలు మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకొంది. దెబ్బ కొట్టే యోగం లేక, పళ్ళేన్ని నీళ్ళ తొట్టిలో మెల్లగా ముంచి తీసింది. దొరవారిని తొలగించిన బ్యాక్టీరియా వరుసల్లో కోట మాయం కాలేదు సరికదా, ఆయన ఉన్న వరుసలకంటే రెట్టింపు చిక్కగా, సిరాబుడ్డిలా తేలింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఇది కేవలం సిద్ధాంతాల గొడవే అయితే ఆమె మాట మింగి ఊరుకొనేదేమో. కానీ దొరవారి నోరు మూయించే మందొకటి సిద్ధమై, కృత్రిమ మోకీలులో స్టాఫ్ చేరిన రోగుల మీద ప్రయోగానికి బయలుదేరింది. అనుమతి రాగానే ఎక్కించుకోబోయే మొదటి రోగి ఆమె మేనత్త.

“ఏమే, ఆ మందు ఎక్కిస్తే నా మోకాల్లో చుట్టాలు బయల్దేరతారా?” అని అడిగింది అత్త, ఆసుపత్రి మంచం మీద కాలు చాపుకొని.

“ఇంకా గట్టిగా బైఠాయించేలా ఉన్నారత్తా.”

“మీ ప్రొఫెసరుకి చెప్పావా?”

“చెప్పాను. నా మణికట్టు బెణికితే సైన్సు బెణికినట్టు కాదన్నారు.”

“నీ నోరు బెణకలేదు కదా!”

మందుకు అనుమతినిచ్చే కమిటీ ప్రయోగశాలకు వేంచేసిన ఉదయం, ప్రొఫెసరుగారు ఆమెను పక్కకు పిలిచారు. “ఆ పళ్ళెం ఊసెత్తకమ్మా. నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఈ చెయ్యే.”

“అలాగే సార్,” అని, ఆమె పళ్ళెం తెచ్చి కమిటీ అధ్యక్షురాలి ముందే పెట్టింది. “మేడమ్, ముందే రంగు వేసి, నీళ్ళు తేటపడేదాకా ముంచి కడిగాను. ఈ నల్లటి వరుసల్లో దొరవారు లేరు.”

“కడగడం రాకపోతే ఇలాగే ఉంటుంది,” అన్నారు ప్రొఫెసరుగారు.

“అయితే మీరే కడిగి చూపించండి సార్. మా అందరికీ నేర్పిన చెయ్యి.”

ప్రొఫెసరుగారు గ్లవ్స్ తొడుక్కొని, దిగ్విజయానికి బయలుదేరే చక్రవర్తిలా పళ్ళేన్ని పైకెత్తి, మడత కాగితం మీద ఫట్‌మనిపించారు. నల్లటి వరుసలు తెల్లబోయాయి.

“చూశారా!”

“పళ్ళెం కాదు సార్, కాగితం చూడండి.”

కాగితం మీద ద్రాక్షతొక్కల్లాంటి ఊదా పొరలు, చెక్కుచెదరకుండా, వరుస తప్పకుండా పడి ఉన్నాయి. అధ్యక్షురాలు కళ్ళద్దాలు సవరించుకొంది. ఇన్నేళ్ళుగా అట్టి కోటలెన్నో అదే కాగితంలో చుట్టబడి, సకల మర్యాదలతో చెత్తబుట్టను అలంకరించాయన్నమాట.

“విడి బ్యాక్టీరియా అయితే ఇలా పొరలుగా ఊడదు మేడమ్. దొరవారు కోట కట్టమనేవారు కాదు; ఇక చాలు, ఖాళీ చెయ్యమనేవారు. ఆయన్ని పంపించేశాక వీళ్ళకి ఆపేవాళ్ళే లేరు. పునాది చూసుకోకుండా అంతస్తులు లేపేస్తున్నారు. సార్ దెబ్బకి ఊడతాయి, నిజమే. కానీ మా అత్త మోకాలిని ఊడదీసి ఎవరూ బల్లకేసి కొట్టరు కదండీ!”

కమిటీలో ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకొన్నారు. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. “ఈ మందు ఎవరికీ ఎక్కించొద్దు,” అంది.

అందరూ వెళ్ళాక ప్రొఫెసరుగారు చేతులు వెనక్కి కట్టుకొని అన్నారు: “నీ థీసిస్ మీద ఈ చెయ్యి పడదు.”

“పడక్కర్లేదు సార్. అది పడాల్సిన చోట ఇందాకే పడింది.”

వరండాలోకి వచ్చి అత్తకు ఫోన్ చేసింది.

“అయితే చుట్టాలు ఇక్కడే ఉంటారా?” అంది అత్త.

“ప్రస్తుతానికి ఉంటారత్తా. వాళ్ళని తరిమే దారి వెతకాలి. నాకు ఇంకో గురువుని కూడా.”

“వెతుకు. ఈలోగా వాళ్ళకి చెప్తాలే, మా మేనకోడలు బయల్దేరిందని.”

ఆమె లోపలికి వెళ్ళి, మణికట్టు కట్టు బిగించుకొని, కొత్త పళ్ళెం తీసి నీళ్ళలో ముంచింది. పక్కగదిలో ఎవరికీ ఏమీ వినబడలేదు.