మిషను ఒక్కటే వచ్చింది

మా బావ రాసిచ్చిన కాగితం చూసి ఆ రోజు నేను నవ్వాపుకోలేకపోయాను. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకి వెబ్‌సైట్ కావాలన్నాడు. మొదటి పేజీలో పైన తన ఫొటో, అదీ పెళ్లినాటి కోటుతో. దాని కింద నమ్మకానికి మారుపేరు, నాణ్యతలో రాజీ లేదు, మా నాన్న కొట్టు పెట్టినప్పుడు పడ్డ కష్టాలు, ఆయన పోయాక తాను పడుతున్న కష్టాలు.

"ఇది హోమ్ పేజీయా, పెళ్లిచూపులా బావా?" అన్నాను.

"పెళ్లిచూపుల్లో మీ అక్క నన్నిన్ని వివరాలడగలేదు మరదలా. అడిగితే తప్పించుకునేవాణ్ణి."

"తప్పించుకునే మొహం చూడు," అంది అక్క లోపల్నుంచి.

వ్యాపారాలకు హోమ్ పేజీలు రాయడం నా పని. పదకొండేళ్లుగా అదే నాకు తిండి పెడుతోంది. అందుకని కాస్త గొప్పగానే చెప్పాను. "చూసేవాళ్లు వేలితో పేజీని పైకి నెట్టేసేలోపు మూడు సంగతులు తెలియాలి. మీరేం చేస్తారు, దానివల్ల వాళ్లకేం ఒరుగుతుంది, ఇప్పుడు వాళ్లేం చెయ్యాలి. నీ ఘనత ఎవరికి కావాలి బావా? వాళ్ల ఇబ్బందేదో అది ముందు పట్టుకోవాలి."

ఆ ఇబ్బంది పట్టుకోవడానికే ఒక పూట కొట్లో కూచున్నాను.

కొట్టంటే ముందు ఒక గది, వెనక ఒక గది. ముందు గదిలో పని చేసేది నూనె బాబాయి. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నాన్నతోపాటు మొదటి రోజు నుంచీ ఉన్నాడు. వేళ్ల సందుల్లో మిషను నూనె ఎన్నడూ వదలదు కనక ఆ పేరు. ఆయన పద్ధతి ఒకటే. ఎవరైనా మిషను తెస్తే, విప్పడు. దాన్ని కొట్లో ఉన్న స్టాండుకి బిగించి, వాళ్లనే స్టూలు మీద కూచోబెట్టి, ఒక గుడ్డముక్క చేతికిచ్చి, "జానెడు కుట్టమ్మా," అంటాడు. తాను కింద గొంతుక్కూచుని వాళ్ల పాదాలకేసి చూస్తాడు. తర్వాత చేతులకేసి. సగంమందికి మిషనులో ఏ లోపమూ ఉండదు. ఒకావిడ గుడ్డను వెనకనుంచి లాగుతుంది, అందుకని సూది విరుగుతుంది. ఇంకొకాయన పెడల్ తొక్కకముందే చక్రం వెనక్కి తిప్పుతాడు, దారం చిక్కుపడుతుంది. బాబాయి వాళ్ల చేతిని అలా పట్టుకుని రెండు జానలు కుట్టించి, ఊరికే పంపేసేవాడు.

నేను ఆ పూట చూసింది వేరు. నలుగురు వరసలో నిలబడి ఉన్నారు. అందరి భుజాలూ పడిపోయి ఉన్నాయి. మిషనంటే మాటలా, ఇనుప ముద్ద. మోసుకు రావాలి, నిలబడాలి, కుట్టి చూపించాలి, మళ్లీ మోసుకెళ్లాలి. పుస్తకంలో "మోత, పడిగాపు" అని రాసుకుని రెండుసార్లు గీత కొట్టాను.

సాయంత్రానికల్లా పేజీ తయారైంది. బావ ఫొటో లేదు, నాన్న కష్టాలు లేవు. తెర నిండా పెద్ద అక్షరాలు: *మీ కుట్టుమిషను మొరాయిస్తోందా? మీరు కదలక్కర్లేదు. మేమే వచ్చి తీసుకెళ్తాం, బాగుచేసి తెచ్చిస్తాం.* కింద ఒకే ఒక బటన్, ఫోన్ చేయండి అని.

అక్క చదివి, "ఎంత హాయిగా ఉందే," అంది. బావ అప్పటికప్పుడే వ్యాను సంగతి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

బాబాయి అద్దాలు తుడుచుకుని మెల్లగా రెండుసార్లు చదివాడు. "బానే ఉంది చిన్నీ. మరి మనిషో?"

"ఏ మనిషి బాబాయీ?"

"కుట్టే మనిషి."

"మనిషినేం చేసుకుంటాం బాబాయీ, మనం బాగుచేసేది మిషన్లని కదా!" అన్నాడు బావ. అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడని ఒక్క నిమిషం ఆగి ఆయన్ని అడగడం నా పనిలో భాగం. ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పలేనిది రాబట్టడానికే నాకు జీతమిస్తారు. ఇంట్లోవాళ్లే కదా అని ఆ పని చెయ్యలేదు.

పేజీ పని చేసింది. చెయ్యకపోతే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది గాని, నెల తిరక్కుండా ఫోను ఖాళీ లేకుండా మోగింది. వ్యానుకి ఇద్దరు మనుషులు కుదిరారు. ముందు గది మిషన్లతో నిండి, బాబాయి కాళ్లు చాపుకునే చోటు లేకుండా పోయింది.

ఆయన ఒక్కొక్క దాని ముందూ కూచుని జానెడు కుట్టేవాడు. కుట్టు ముత్యాల వరసలా వచ్చేది. సూది విరగదు, దారం తెగదు. "నా చేతిలో బుద్ధిగానే ఉంది అమ్మాయీ, దీని రోగమేంటో నాకెలా తెలుస్తుంది?" అని అక్కని అడిగేవాడు. నూనె వేసి, తుడిచి, పంపేవాడు. వారానికి అదే మిషను అదే జబ్బుతో తిరిగొచ్చేది. పేజీ కింద జనం రాయడం మొదలుపెట్టారు. విప్పి కూడా చూడరు, తుడిచి పంపుతారు, మోసం అని. నలభై ఏళ్లలో ఆయన్నెవరూ అంత మాట అనలేదు. బావ చదివి వినిపించకుండా ఉండాల్సింది.

స్కూలు బట్టలు కుట్టే ఒకావిడ మిషను మూడుసార్లు వచ్చి వెళ్లింది. నాలుగోసారి బాబాయే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాడు. ఆవిడకొక కాలు పొట్టి, మడమతో తొక్కుతోంది. పెడల్ కింద చెక్కముక్క ఒకటి పెట్టి, ఐదు నిమిషాల్లో పని ముగించి తిరిగొచ్చేశాడు. ఆ రోజు ఆయన మొహం వెలిగిపోయిందని అక్క చెప్పింది.

"నేనిట్టా ఇళ్లకే తిరుగుతా అల్లుడూ," అన్నాడు.

"మీరు ఇళ్లు పట్టుకు తిరిగితే ఈ కుప్ప ఎవరు చూస్తారు బాబాయీ?" అన్నాడు బావ. అదీ తప్పుమాట కాదు. కుప్ప నిజంగానే ఉంది.

ఇంకో నెలకి బాబాయి మానేశాడు. గొడవ లేదు, గట్టి మాట లేదు. తన స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టుకుని, అక్కకి చెప్పి వెళ్లాడు.

అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. "ఆ వాక్యం తీసేస్తానే," అన్నాను.

"తీసేస్తే వ్యానువాళ్లిద్దరూ ఏం తినాలే? ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు." ముక్కు చీది అంది, "బాబాయిని తీసుకురా. నీ మాట వింటాడు."

బట్టల ఫ్యాక్టరీలో దొరికాడు. పొడుగాటి హాలు, వరసలు వరసలుగా ఆడవాళ్లు, జోరువానలాంటి చప్పుడు. వాళ్ల మధ్య వంగి వంగి నడుస్తున్నాడు. నన్ను చూసి బయటికొచ్చి, మెట్టు మీద కూచోమన్నాడు.

"వచ్చెయ్యి బాబాయీ. నాదే తప్పు. నిన్నడగకుండా రాశాను."

"నీ తప్పేముందే! నువ్వు రాసింది మళ్లీ చదివాను. నాకు మిషనుంటే నేనూ ఫోన్ చేసేవాణ్ణి. ముసలాళ్లు, నడుం నెప్పులవాళ్లు, వాళ్లకి మేలేగా." తల మీద చెయ్యి వెయ్యబోయి, నూనె అని వెనక్కి తీసుకున్నాడు. "ఇక్కడ మనిషీ మిషనూ ఒక్కచోటే ఉంటారు చిన్నీ. నాకు పొద్దు తెలియట్లేదు."

లోపలినుంచి ఎవరో పిలిస్తే, "అక్కని అడిగానని చెప్పు," అని లేచి వెళ్లిపోయాడు.

బస్టాపులో నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"ఏమన్నాడే? వస్తాడా?"

"రాడక్కా."

"మన మీద కోపమా?"

"కోపం లేదు. అక్కడ సంతోషంగా ఉన్నాడు."

అటునుంచి కొట్లో ఎవరో మిషను దించుతున్న చప్పుడు వినిపించింది.

"కోపమైతే బాగుండేదే," అంది అక్క. "కాళ్లు పట్టుకునైనా తెచ్చుకునేవాళ్లం."