ఇంజన్ ఆపని మనిషి

ఎల్డన్ రస్క్ ట్రైలర్‌ని ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి, పిన్ను గుచ్చి, గొలుసులు రెండూ బిగించి లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడో లేదో, పిన్ను సరిగ్గా పడిందా అని మళ్ళీ వెనక్కి వచ్చి వంగి చూశాడు. పడింది. అయినా బూటుతో ఒకసారి తన్ని చూశాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. అతని చేతులకు పని వచ్చింది గానీ నిలకడ రాలేదు.

పొడుగాటి మనిషి. భుజాలు ముందుకు వంగి, మెడ ఎప్పుడూ ఏదో ఆలస్యమైపోతున్నట్టు ముందుకు సాగి ఉంటుంది. చెవుల అంచులు ఏ చలికాలంలోనో మంచుకు కాలి, అప్పటి నుంచీ ఎర్రగానే ఉండిపోయాయి. కోటు జేబులో గుండెమంట బిళ్ళల డబ్బా గలగలలాడుతూ ఉంటుంది. వారం రోజులుగా ఆ గలగల కొంచెం ఎక్కువైంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే వరండాలో కూర్చోవాలి. కూర్చోవడం ఎల్డన్ వల్ల కాదు.

దాణా, కంచె తీగ, పశువుల మందులు అమ్మే ఆ కొట్టు కెండ్రాది. దాన్ని వాళ్ళ నాన్న పెట్టాడు. కెండ్రా చిన్నప్పుడు దాణా బస్తాల మీద ఆడుకుంటుంటే ఎల్డనే దింపేవాడు. ఇప్పుడామె నలభై ఏళ్ళ మనిషి. పాత పెట్రోలు ట్రక్కును పోయిన వారమే అమ్మేసి, కరెంటుతో నడిచే కొత్త ట్రక్కు తెచ్చింది. ఉత్తర మోంటానా మొత్తంలో ఇలాంటిది ఇంకో కొట్టుకు లేదని ఆమెకు గర్వం.

"లిండాల్ వాళ్ళ గేటు దాకా డెబ్భై ఎనిమిది మైళ్ళు. నిండు చార్జింగ్‌తో ట్రైలర్ లాగుతూ అయితే నూట పద్దెనిమిది మైళ్ళు వస్తుందని బండి తెర మీద చూపిస్తోంది. వచ్చేటప్పుడు ట్రైలర్ అక్కడే వదిలేస్తావు, ఉత్త బండి. చార్జింగ్ మూడో వంతు మిగిలితే చాలు, ఇంటికొచ్చేస్తావు. లెక్క అతికినట్టు సరిపోయింది," అంది కెండ్రా, చేతులు చంకల్లో దూర్చుకుని.

"నీ లెక్కలో గాలి ఉందా, పిల్లా?"

"ఏ గాలి?"

"ఎదురుగాలి."

కెండ్రా చూపు ట్రక్కు వెనక భాగంలో తాళ్ళతో కట్టిన ఎర్ర డబ్బా మీద పడింది. అయిదు గ్యాలన్ల పెట్రోలు.

"అది ఇంకా మోస్తున్నావా? కరెంటు బండిలో పెట్రోలు డబ్బా! జనం నవ్విపోతున్నారు, ఎల్డన్."

"నవ్వనీ. అది నా కోసమా ఏంటి?"

నిజమే, అది అతని కోసం కాదు. ఇల్లూ ఇల్లూ ఇరవై మైళ్ళ ఎడం ఉన్న ఆ నేల మీద, దారిలో ఆగిపోయిన వాడెవడైనా ఉంటే పోయడానికి ప్రతివాడూ ఒక డబ్బా పెట్టుకుంటాడు. పుచ్చుకున్నవాడు డబ్బా నింపి తిరిగి ఇస్తాడు. ఉత్త డబ్బా ఇచ్చినవాడి పేరు ఊరు మర్చిపోదు. కెండ్రాకి ఇవన్నీ తెలుసు. కొత్త బండి మోజులో గుర్తు రాలేదంతే.

ట్రైలర్ మీద ఉన్నది జనరేటర్. మార్వా లిండాల్ పశువుల బావి దగ్గరికి కరెంటు తీగ లేదు. అక్కడి పంపును నడిపే జనరేటర్ మొన్న చచ్చిపోయింది. ఎనభై చూడి ఆవులు. వచ్చే నెలలో ఈనాలి. మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి రాయిలా అయింది, నాకితే నాలుక చీరుకుపోతోంది. రెండు రోజులుగా వాటికి నీళ్ళు లేవు. ఇవాళ నీళ్ళు పడకపోతే రేపటికి కొన్ని పడిపోతాయి.

ఊరు దాటగానే ఎల్డన్ హీటర్ ఆపేశాడు. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. హీటర్ వేస్తే పది మైళ్ళు పోతాయి. పది మైళ్ళ కన్నా వేళ్ళు తిమ్మిరెక్కడమే నయమనుకున్నాడు.

పాత ట్రక్కు గ్యాలనుకు పదమూడు మైళ్ళు ఇచ్చేది, ట్రైలర్ కడితే తొమ్మిది. పెట్రోలు ముల్లు అడుగున గీతకు ఆనిన తర్వాత కూడా ఇరవై రెండు మైళ్ళు పోతుందని అతనొక్కడికే తెలుసు. అబద్ధాలాడే ఆ ముల్లుతో ఇన్నేళ్ళూ హాయిగా కాపురం చేశాడు. ఈ తెర మాత్రం నిమిషానికోసారి నిజం చెబుతోంది. తొంభై నాలుగు శాతం. తొంభై మూడు. తొంభై రెండు. రోడ్డు మీద చూపు నిలపలేకపోతున్నాడు. పైగా చప్పుడు లేదు. ఇంజన్ గొంతు విని దాని ఆరోగ్యం చెప్పగల మనిషికి, గొంతే లేని బండి ఇచ్చారు. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

పదిహేను మైళ్ళు వెళ్ళేసరికి వాయవ్యం నుంచి గాలి మొదలైంది. నలభయ్యో మైలు దగ్గర యాభై ఎనిమిది శాతం. కెండ్రా లెక్క అక్కడికే తప్పింది. వెనక్కి తిరిగితే ఇల్లు చేరతాడు, ఆవులు చస్తాయి. ఎల్డన్ రెండు బిళ్ళలు నమిలి, ఎడమ చేతిని తొడకేసి రుద్దుకుంటూ ముందుకే పోయాడు.

పోవడం ఒక్కటే అతనికి తెలుసు. లొరెయిన్ అతనితో తొమ్మిదేళ్ళు కాపురం చేసి వెళ్ళిపోతూ, "నువ్వు అన్నం బల్ల దగ్గర కూడా ఇంజన్ ఆన్‌లో పెట్టుకునే కూర్చుంటావు" అంది. తిట్టలేదు, ఏడవలేదు, ఉన్నమాట అంది. అతనికి అప్పుడు అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత అర్థమైంది గానీ చెప్పుకోవడానికి ఆమె లేదు.

లిండాల్ గేటు దాటేసరికి పదిహేడు శాతం. ఉత్త బండితో అయినా సగం దారి వరకే వస్తుంది.

మార్వా గేటు దగ్గరే నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి, పోయిన మొగుడి కోటు తొడుక్కుని, తలకు ఉన్ని గుడ్డ చుట్టుకుని. ఇద్దరూ ఇంటికవతల అర మైలులో ఉన్న బావి దగ్గరికి ట్రైలర్ తీసుకెళ్ళారు. ఆవులు ఉత్త తొట్టి చుట్టూ నిలబడి ఉన్నాయి. అరవడం కూడా మానేశాయి. ఆ మౌనం ఎల్డన్‌కి నచ్చలేదు.

తీగలు బిగించి, జనరేటర్ మూత తిప్పి చూశాడు. లోపల ఎండిపోయి ఉంది. కొత్త మిషన్ ఉత్త ట్యాంకుతోనే పంపడం కొట్టు నియమం.

"మీ పెట్రోలు ఎక్కడ, మార్వా గారూ?"

మార్వా నుదురు కొట్టుకుంది. ఆయిల్ లారీ మంచుకు ఈ వారం రాలేదు. పెట్రోలు తొట్టి అడుగంటింది. ఆమె ట్రక్కు చూస్తే డీజిల్‌ది. రెండు రోజులుగా అందరూ మిషన్ గురించే ఆలోచించారు, దాని పొట్ట సంగతి ఒక్కరికీ తట్టలేదు.

"నా బుద్ధి మండిపోనూ," అంది మార్వా.

ఎల్డన్ తన ట్రక్కు వెనక్కి వెళ్ళి తాళ్ళు విప్పాడు. ఎర్ర డబ్బా చూసి ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"కరెంటు బండిలో పెట్రోలు తెచ్చావా! నువ్వు ఎప్పటికీ మారవు కదా," అంది. అంతలోనే ట్రక్కు కిటికీ అద్దంలోంచి ఆమె చూపు తెర మీది పదిహేడు అంకె మీద పడింది. "ఆగాగు. ఆ జనరేటర్‌తోనే నీ బండికి చార్జింగ్ ఎక్కించుకోవచ్చుగా?"

"ఎక్కించొచ్చు. మీ ఇంటి ప్లగ్గుతో అయితే తెల్లారిపోతుంది. దీంతో సగం డబ్బా కాలిస్తే చాలు, ఇంటికి చేరేంత ఎక్కుతుంది."

"మరింకేం. సగం నువ్వు తీసుకో. మిగతా సగంతో ఇవి తాగినంత తాగుతాయి."

"ఆవులన్నీ సగం కడుపుకా, ఆవుల్లో సగమేనా?"

ఎల్డన్‌కి వెళ్ళిపోవాలని ప్రాణం పీకుతోంది. ఇంట్లో అతని కోసం ఎదురుచూసే మనిషి లేడు, కుక్క కూడా లేదు. అయినా వెళ్ళాలి. ఇంకొకరి ఇంట్లో రాత్రి గడపడమనే మాటకే అతను ట్రక్కు వైపు ఒక అడుగు వేశాడు. డబ్బా చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆవుల వంక చూశాడు. ముందున్న ఎర్రావు అతని మొహంలోకి సూటిగా చూస్తోంది. "నన్ను చూడకే తల్లీ," అని గొణిగి, డబ్బా పూర్తిగా వంచేశాడు. ఆఖరి చుక్క దాకా ఒంపి, అడుగు తట్టాడు.

మూడో లాగుడుకి ఇంజన్ అందుకుంది. పైపు దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, తర్వాత తెల్లటి ధార వదిలింది. ఆవులు ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి మీద పడ్డాయి. చాలా ఏళ్ళ తర్వాత ఎల్డన్‌కి సంతోషం వేసింది. దాన్ని దాచుకోవడానికి ముక్కు తుడుచుకున్నాడు.

ట్రక్కు తీగను ఇంటి పక్క పశువుల కొట్టంలో ఉన్న మామూలు ప్లగ్గులో పెట్టారు. గంటకు ఒక్క శాతం. రేపు పొద్దుటి దాకా కదిలే పని లేదు.

"రా, కాఫీ తాగుదువు గాని," అంది మార్వా.

"లేదండీ, ఇంజన్ ఆన్‌లో ఉంది," అన్నాడు ఎల్డన్. ముప్ఫై ఒక్కేళ్ళుగా ప్రతి గుమ్మం ముందూ చెప్పే మాట. చలికి ఎవరూ ఇంజన్ ఆపరు, పెట్రోలు కాలుతుంటే ఎవరూ బలవంతపెట్టరు. మంచి సాకు.

"ఏ ఇంజనూ?"

అతను ట్రక్కు వంక చూశాడు. అది నోరు మూసుకుని నిలబడి ఉంది.

వంటింట్లో కుర్చీ అంచున కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఆ మోకాలు ఆగకుండా ఊగుతోంది. కాఫీ ఒక గుక్క తాగి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ట్రక్కును చూశాడు. వచ్చి కూర్చున్నాడు. దాల్చినచెక్క రొట్టె ముక్క తుంచి మళ్ళీ లేచాడు. కాలుగాలిన పిల్లి కూడా అంతకన్నా నయం.

"నువ్వు చూస్తే అది ఎక్కువ ఎక్కదు. కూర్చో," అంది మార్వా.

కూర్చున్నాడు. కిటికీలోంచి దారి గేటు దాకా, గేటు దాటి కొండ మలుపు దాకా కనిపిస్తోంది.

"ఇక్కణ్ణుంచి దారి ఇంత దూరం కనిపిస్తుందని తెలీదు."

"నువ్వెప్పుడు చూశావు గనక? నేనే చూస్తున్నాను, ముప్ఫై ఏళ్ళుగా. నీ దుమ్ము రావడం, నీ దుమ్ము పోవడం. నీకోసం పోసిన కాఫీలన్నీ మా ఆయన గోర్డన్ తాగి పోయాడు, పాపం."

ఎల్డన్ నవ్వాడు. నవ్వితే ఛాతీలో ఎక్కడో పట్టేసింది. జేబులో బిళ్ళల కోసం తడిమాడు. అయిపోయాయి.

రెండు గంటలకు మార్వా కోటు తొడుక్కుంది, జనరేటర్ చూసి వస్తానని. ఎల్డన్ లేవబోయాడు.

"నువ్వెక్కడికి? అరిగిపోయిన కాళ్ళు, కాసేపు వాటినీ కూర్చోనీ."

"నడుస్తోందంటారా?"

"విను."

గాలి తగ్గింది. అర మైలు దూరం నుంచి జనరేటర్ చప్పుడు సన్నగా, ఒకే తీరున వినిపిస్తోంది. ఎల్డన్ తల పక్కకు వంచి విన్నాడు. గొంతు బాగుంది. ఎక్కడా తడబాటు లేదు.

"నడుస్తోంది," అన్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలాడు.

మార్వా తిరిగి వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు, మొహం కిటికీ వైపు. ఆవులన్నీ తాగాయని చెప్పబోయి ఆగిపోయింది. మోకాలు ఊగడం లేదు. ఆమె వెళ్ళి అతని చేయి పట్టుకుని పక్కన కూర్చుంది. బయట జనరేటర్ ఇంకో గంట నడిచి, పెట్రోలు అయిపోయి ఆగింది.

మర్నాడు పొద్దున్నే దారి మీద గాలికి పేరుకున్న మంచు తీశారు. ముందు ఎల్డన్ కోసం బండి వచ్చి వెళ్ళింది, తర్వాత ఆయిల్ లారీ వచ్చింది, ఆ తర్వాత ట్రక్కు తీసుకెళ్ళడానికి ఇంకొకరి బండిలో కెండ్రా వచ్చి దిగింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. తెర మీద నలభై ఒకటి. ఇంటికి చాలేదాని కన్నా ఎక్కువే.

మార్వా ఎర్ర డబ్బాను రెండు చేతులతో మోసుకొచ్చి ట్రక్కులోకి ఎక్కించబోయింది. కెండ్రా పరుగెత్తి ఒక వైపు పట్టుకుంది. దాని బరువుకు ఆమె చేయి కిందికి సాగింది.

"నింపారా? ఈ బండికి పెట్రోలు ఎందుకండీ, దీన్ని ఇక ఎవరు..." అంటూనే కెండ్రా ఆగిపోయింది.

"నీ బండికి కాదమ్మా," అంది మార్వా. తాళ్ళు తనే బిగించింది, ఎల్డన్ కట్టినట్టే రెండు ముళ్ళు వేసి.

ట్రక్కు చప్పుడు లేకుండా గేటు దాటి కొండ మలుపు వైపు సాగిపోయింది. వెనక ఎర్ర డబ్బా, మూతి దాకా నిండి, మూత పక్కన కారిన చుక్క ఇంకా ఆరకుండా.