రాల్‌స్టన్ అంకుల్ పొట్టి రికార్డు

ముందే ఒప్పేసుకుంటున్నా, తర్వాత మీరు పట్టుకుని అడిగే కన్నా: పాటలు రికార్డుల మీద వెయ్యాలా, ల్యాప్‌టాప్‌లోంచా అనే ఈ గొడవలో నేను ల్యాప్‌టాప్ పార్టీ. నల్ల రికార్డులంటే నాకూ ముద్దే. కానీ ఆ రికార్డుల పెట్టెలు మెట్లెక్కించిన వాళ్ళ నడుముని అడగండి, అది ఇంకో మాట చెబుతుంది. కాబట్టి రొషెల్ కథ నా నోట్లోంచి వస్తే కాస్త అటు ఒరుగుతుంది. ఒరగనివ్వండి.

ల్యాప్‌టాపులు ఇటుకల్లా బరువుండే రోజులవి. బ్రిస్టల్‌లో బెర్నడీన్ ఆంటీ పబ్బు వెనక ఓ పెరడు. ఎండాకాలం ఆదివారాలు మధ్యాహ్నం నుంచే అక్కడ పాటలు. గోడకి ఆనించిన మనిషెత్తు స్పీకర్లు, సగానికి కోసిన ఇనప డ్రమ్ములో కాలుతున్న కోడి, ఓ మూల సైలస్ తాత డామినో బిళ్ళలాడే బల్ల. పాటలు పెట్టేది రాల్‌స్టన్ అంకుల్. ఆయన రికార్డులకి అడుగులేసి ప్రేమలో పడ్డవాళ్ళ పిల్లలు ఇప్పుడు అదే పెరట్లో కాళ్ళకి అడ్డం పడుతుంటారు.

ఆ ఏడు అంకుల్ నడుం మొరాయించింది. సగం పూటకి ఇంకో మనిషి కావాలి. ఆ చోటు కోసం రొషెల్ ఎన్నాళ్ళనించో కాచుకుని ఉంది. ఆ పెరట్లోనే పెరిగింది, యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివింది, చెవి పదునైంది. కాకపోతే పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

"ఆ టైపు మిషన్ నా బల్ల మీద పెడతావా?" అన్నాడు అంకుల్.

"మీ తిరిగే పళ్ళేల మీద రికార్డులే తిప్పుతా అంకుల్. పాట మాత్రం ఇందులోంచి వస్తుంది."

"అంటే పాట లేని రికార్డు. కోడి లేకుండా మసాలా ఒక్కటే కాలుస్తావన్నమాట."

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ," అంది బెర్నడీన్ ఆంటీ, గ్లాసులు తుడుస్తూ. "వచ్చే ఆదివారం ఓ గంట ఈ పిల్లకి ఇస్తున్నా. బాగుంటే ఎండాకాలమంతా సగం పూట నీదే తల్లీ. పాట ఆగిందా, మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాకు. పాట ఆగితే మనవాళ్ళు బారు వైపు చూడరు, ఇంటి వైపు చూస్తారు."

"ఇంకోటి," అన్నాడు అంకుల్. "చేత్తో వాయించాలి. రికార్డు మీద చెయ్యి లేకుండా ఆ డబ్బా దానంతటదే పాడిందో, అదీ ఓటమే."

"సరే," అంది రొషెల్. నోరు ఎప్పుడూ బుర్ర కన్నా ముందుంటుంది ఆ పిల్లకి.

ఆమె రికార్డుల సంగతి చెప్పాలి. వాటిలో పాట ఉండదు, కీచుమనే మోత ఒక్కటే ఉంటుంది. ముల్లు ఆ మోతని తీగల్లోంచి ల్యాప్‌టాప్‌కి చేరవేస్తుంది. చెయ్యి రికార్డుని ఎలా తోస్తే లోపలి పాట అలా కదులుతుంది. అంతా సవ్యంగా ఉంటే తెర మీద ఓ పచ్చటి గుండ్రం కనిపిస్తుంది. గుండ్రం ఉందంటే ప్రాణం ఉన్నట్టు.

ఆదివారం వచ్చింది. అంకుల్ ఆ రోజు మామూలుగా వాయించలేదు, దంచేశాడు. ఓ పాటకైతే జనం ఊగిపోయి గోడలూ బల్లలూ బాదేశారు. అక్కడ బాదుడంటే 'మళ్ళీ వెయ్యి' అని. ఆయన నవ్వుతూ రికార్డుని చేత్తో వెనక్కి గిర్రున తిప్పి, మొదట్నించి వేశాడు. పాటకి అంతకన్నా సన్మానం లేదు.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని రొషెల్ బల్ల వెనక్కొచ్చింది.

"ఈమెయిళ్ళు చూసుకోడానికొచ్చావా?" అన్నాడు అంకుల్.

"మీకేమైనా వచ్చాయేమో చూడమంటారా?"

పక్కనున్న వాళ్ళు నవ్వారు. అంకుల్ నవ్వలేదు. వంగి పెట్టెలో వెతకడం మొదలుపెట్టాడు.

ఈ పనిలో ఓ మర్యాద ఉంది. దిగేవాడు తన ఆఖరి రికార్డు ఒక పళ్ళెం మీద వేసి పక్కకి జరుగుతాడు. అది తిరుగుతుండగానే ఎక్కేవాళ్ళు రెండో పళ్ళెం తీగలు పీకి తమవి తగిలించుకోవాలి. అందుకే పెద్దమనిషైన వాడు పొడవాటి పాట వేసి పోతాడు, తీరిగ్గా కానిమ్మని. ఎవరూ నోరు విప్పి చెప్పరు, అందరికీ తెలుసు.

అంకుల్ పెట్టెలోంచి పొట్టి రికార్డు తీశాడు. అరచేయంత. కన్ను మూసి తెరిస్తే అయిపోయే పాట.

కుడి పళ్ళెం మీద వేశాడు. రొషెల్ వైపు చూడకుండా చేతులు కట్టుకుని, ఆమె భుజం వెనకే నిలబడ్డాడు.

రొషెల్ బల్ల వెనక్కి దూరింది. ఎర్ర తీగ, తెల్ల తీగ. ఒక్కటి తప్పు పీకిందా, అంకుల్ పాటే ఆగిపోతుంది. ఎడమ పళ్ళెం తీగలు పీకి ల్యాప్‌టాప్‌కి తగిలించిన చిన్న పెట్టెలో గుచ్చింది, ఆ పెట్టెని రెండు పళ్ళేల పాటల్నీ కలిపే మిక్సర్‌కి కలిపింది. తన రికార్డు వేసి ముల్లు దించింది. అప్పటికి పాట సగం దాటింది.

తెర మీద గుండ్రం లేదు. ఏటవాలుగా ఓ గీత ఉంది.

తీగలు నొక్కి చూసింది. గీతే. పీకి మళ్ళీ గుచ్చింది. అదే గీత. రికార్డు తోస్తే ల్యాప్‌టాప్‌లో పాట తాగినవాడిలా రెండడుగులు వేసి పడిపోతోంది.

"ఏమైంది, కరెంటు బిల్లు కట్టలేదా?" అన్నాడు అంకుల్ వెనకనించి.

ఒక్క మీట నొక్కితే చాలు, ల్యాప్‌టాప్ రికార్డుతో పని లేకుండా తనే పాడేస్తుంది. వేలు ఆ మీట మీదకే పోయింది. భుజం మీద ఆయన ఊపిరి తగులుతోంది. నొక్కితే ఓడినట్టు. నొక్కకపోతే పాట ఆగి ఓడినట్టు. కుడివైపు ముల్లు రికార్డు మధ్యలో కాగితం దగ్గరికి పాకుతోంది.

ఎడమ చెవి మోతా కుడి చెవి మోతా రెండూ అందితే గుండ్రం, ఒక చెవి చెవుడైతే గీత. తీగలు పీకి గుచ్చినా గీత పోలేదంటే జబ్బు వాటిలో లేదు, ముల్లుని పట్టి ఉంచే తలలో ఉంది. విప్పి తుడిస్తే పోతుంది. తుడవడానికి టైమెక్కడ?

సరిగ్గా అప్పుడే మూల బల్ల మీద సైలస్ తాత తన ఆఖరి డామినో బిళ్ళని ధనామని కొట్టాడు.

రొషెల్ తలెత్తింది. "సైలస్ తాత మళ్ళీ వెయ్యమంటున్నారు!" అని పెరడంతా వినపడేలా అరిచి, అంకుల్ రికార్డు మీద చెయ్యి వేసింది.

ఇంకొకడి రికార్డు మీద చెయ్యి వెయ్యడమంటే ఆ బల్ల దగ్గర చెంప పగలాల్సిన పని. అంకుల్ చెయ్యి లేచింది కూడా. కానీ ఆమె అప్పటికే రికార్డుని వెనక్కి తిప్పేసింది. స్పీకర్లు గుర్రుమన్నాయి. ఒక్క క్షణం పెరట్లో కోడి చిటపటలు తప్ప ఏమీ లేదు.

ఎవరో గోడ మీద ఒక్క గుద్దు గుద్దారు. తర్వాత ఇంకొకరు. తర్వాత పెరడు పెరడంతా బాదుడే. డ్రమ్ము దగ్గర కోడి తిప్పేవాడు పట్టకారుతో మోగించాడు. అంకుల్ లేచిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. జనం తన పాటకి సన్మానం చేస్తుంటే ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు?

ముల్లు మళ్ళీ మొదటికి దిగింది.

రొషెల్ ఎడమ ముల్లు తల మర తిప్పి ఊడబీకింది. వెనక నాలుగు సన్నటి మొనలు. ఒకటి నల్లగా ఉంది, ఆ కోడి పొగ, నూనె, ఎన్ని ఎండాకాలాలవో. స్పీకర్లు రెండు చెవుల మోతనీ కలిపేసే రకం కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు. టీషర్టు అంచు తడి చేసి రుద్దింది. ఊదింది. ఇంకోసారి రుద్దింది. బిగించి ముల్లు దించింది.

గీత వణికింది. పొట్ట ఉబ్బింది. గుండ్రమైంది.

హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రికార్డు అంచుని వేలితో ఆపుతూ, తోస్తూ, తన పాట తాళాన్ని అంకుల్ పాట తాళంతో కలిపింది. కుడివైపు పాట ఆఖరి మాట అంటుండగా ఎడమవైపు పాట అందుకుంది. ముందు వరసలో ఓ పెద్దావిడ చేతిలో జింజర్ బీర్ గ్లాసుతో నడుం తిప్పుతూనే ఉంది. ఆవిడకి ఏమీ తెలీలేదు. తెలియకపోవడమే కావలసింది.

గంట గడిచాక అంకుల్ బెర్నడీన్ ఆంటీ దగ్గర పంచాయితీ పెట్టాడు. "మధ్యలో పాట ఆగింది."

"ఆగలేదు, వెనక్కెళ్ళింది. నువ్వు వెనక్కి తిప్పినప్పుడు ఎప్పుడైనా ఆగిందన్నానా?" అంది ఆంటీ.

"అడిగిందెవరు? సైలస్ ఆటలో గెలిచి కొట్టాడు!"

"అవును, గెలిచా," అన్నాడు సైలస్ తాత. "ఇంతకీ ఏం పాటరా అది?"

రొషెల్ తల వంచుకుని తీగలు చుట్టుకుంటోంది. అంకుల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తన పొట్టి రికార్డుని కవర్లో పెట్టాడు.

"నీ డబ్బాలో ఇది ఉందా?"

"లేదంకుల్."

"ఉండదు." పెట్టె మూశాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "వచ్చే ఆదివారం పొడవుది వేస్తా. ముళ్ళు ముందే తుడిచి ఉంచు. రెండూ."

ఆయన్ని వంగనివ్వకుండా ఆ పెట్టె రొషెలే ఎత్తింది. మెట్ల దాకా మోసేసరికి నడుం పట్టేసింది. చెప్పా కదా.

ఇక మీ వంతు. చివరి క్షణంలో చేతికందిన ఏ చప్పుడు పట్టుకుని మీరు ఒడ్డున పడ్డారు? ఎవరి రికార్డు మీద చెయ్యేశారు? రాసి పంపండి. చెంపదెబ్బ తిన్న కథలైనా పరవాలేదు, అవైతే ముందు చదువుతా.