కాస్త దగ్గరగా

ఆదివారం డ్రైవింగ్ స్కూలుకు సెలవు కాబట్టి ఆ మేడ మీది గది ఫోటోల వాళ్లకు దొరికేది. గోడల నిండా ట్రాఫిక్ గుర్తుల చార్టులు, మూలన బల్లకు బిగించిన స్టీరింగు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు. వచ్చేవాళ్లలో ఎవరికీ ఫోటోలు వృత్తి కాదు. ఒకాయన ఇన్సూరెన్సు ఏజెంటు. ఇంకొకాయన ఎప్పుడు చూసినా పక్షుల్నే తీస్తాడని అందరూ కొంగ అని పిలిచేవాళ్లు, ఆయనా పలికేవాడు. వీళ్లందరికీ పెద్ద, ఒక పళ్ల డాక్టరు. ఒకరి ఫోటో తెర మీద వేస్తే మిగతావాళ్లు వరసగా అభిప్రాయం చెప్పాలి, తీసినవాళ్లు మాత్రం నోరు విప్పకూడదు. ఈ పద్ధతి ఆయన పెట్టిందే. నోళ్లు తెరిపించడం తన వృత్తి, మూయించడం తన సరదా అని, ఆ మాటకు తనే ముందు నవ్వేవాడు.

పెద్దకోడలు ఆ గుంపులో చేరి చాలాకాలమైంది. రక్తపరీక్షల ల్యాబులో పని. చెయ్యి పట్టుకోగానే నరం దొరికేస్తుందని ఆమెకు పేరు. ఫోటోలూ అంతే జాగ్రత్తగా తీసేది. మంచుబొట్టు ఉన్న గులాబీ, వానకు తడిసిన ఆకు, పువ్వు మీద వాలిన తుమ్మెద. వాటిలో దేనికీ వంక పెట్టలేం. ఇంటికి వెళ్లాక ఒక్కటీ గుర్తుండదు.

ఆమె తోటికోడలు బ్యూటీ పార్లర్లో చేసేది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద పెద్దవాళ్ల కాపురం, పైన చిన్నవాళ్లది. ఒక ఆదివారం చిన్నకోడలు "నేనూ వస్తానక్కా, ఇంట్లో ఒక్కదాన్నే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేను" అని వెంటపడింది.

ఆ రోజు తెర మీద పెద్దకోడలి గులాబీ పడింది. డాక్టరు కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"దీని కింద తేదీ, వారం వేయిస్తే ఏడాది పొడుగునా గోడకి తగిలించుకోవచ్చమ్మా" అన్నాడు.

గదంతా గొల్లుమంది. నోరు విప్పకూడదు కాబట్టి పెద్దకోడలు ఏమీ అనలేదు. పక్కకు చూస్తే తోటికోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తర్వాత చిన్నకోడలు సరదాగా తన ఫోన్లో ఉన్న ఒక ఫోటో చూపించింది. పార్లర్లో నెత్తికి రంగు పూయించుకుంటున్న ముసలావిడ అద్దంలో తనను తాను చూసుకుని బెదిరిపోయిన క్షణం అది. నవ్వులు ఆగిపోయాయి. డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇది మీరే తీశారా? ఎక్కడ నేర్చుకున్నారు?" అని మూడుసార్లు అడిగాడు.

తిరిగి వస్తుంటే పెద్దకోడలు అంది: "నవ్వొచ్చిందా?"

"అందరూ నవ్వారు కదక్కా. ఆపుకోలేకపోయాను."

"నవ్వమ్మా, నవ్వు. ముఖానికి మంచిదట. మీ పార్లర్లో చెప్పరూ?"

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. అక్క ఫోటోకు ఒక జోకు, చెల్లెలి ఫోటోకు గది నిండా నిశ్శబ్దం. పెద్దకోడలు రావడం మానలేదు. మానితే ఓడిపోయినట్టని ఆమె లెక్క.

చిన్నకోడలి భర్త సిటీబస్సు డ్రైవరు. తల్లి పోయాక వదిన చేతి అన్నం తిని పెరిగాడు. ఆమె ఆ ఇంటికి వచ్చేనాటికి వాడు నిక్కర్ల పిల్లాడు. చక్రం ముందు కూర్చుంటే వాడికి అదో పొగరు. బ్రేకు వేస్తే బస్సులో నిద్రపోయేవాడికి మెలకువ రాకూడదని అనేవాడు, అలాగే వేసేవాడు కూడా. అలాంటిది కళ్ల పరీక్షలో ఫెయిలయ్యాడు. నరం దెబ్బతింది, అద్దాలతో సరిపోయేది కాదన్నారు. డిపోలో అప్పటికప్పుడు చక్రం మీంచి దింపి, బస్సులు కడిగే పనిలో వేశారు. వాడు ఇంట్లో నవ్వుతూనే చెప్పాడు. "మంచిదేలే. ఇన్నాళ్లూ నడిపాను, ఇక స్నానాలు చేయిస్తాను" అన్నాడు. అన్నయ్య తల ఊపి, రేడియో పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం చిన్నకోడలి ఫోటో తెర మీద పడగానే పెద్దకోడలు ముందుకు వంగింది.

బాత్రూము. గోడకు ఆకుపచ్చ పలకలు, కింద తన వాటాలో ఉన్నవాటిలాంటివే. బోర్లించిన బకెట్ మీద ఖాకీ బట్టల్లో ఒక మగమనిషి. తువాలు నోట్లో కుక్కుకుని, దాంతోనే సగం ముఖం కప్పుకున్నాడు. పక్కన కుళాయి ధారగా పోతోంది. మనిషి తెలియని వాళ్లకు అది ఎవరో తెలియదు. ఆ మెడ వంపు చూస్తే ఆమెకు చాలు.

"కుళాయి మరీ పక్కకు పోయింది. కోసేస్తే నయం" అన్నాడు ఏజెంటు.

"కుళాయి తీసేస్తే ఇంకేముందయ్యా? ఏడుపు బయటికి వినబడకుండా తిప్పుకున్నాడు కదా" అన్నాడు కొంగ.

"ఏడుపంటారా? నాకైతే పంటి నొప్పిలా ఉంది. మన డాక్టరు గారి దగ్గరికి పంపండి" అన్నాడు ఏజెంటు.

మళ్లీ గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వి, పెద్దకోడలి వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

ఒక్క మాట చాలు. అది మా మరిది, ఆ ఫోటో తీసేయండి అంటే తీసేసేవాళ్లు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"బాగుంది," అందామె. "కానీ తలుపు చాటు నుంచి భయపడుతూ తీసినట్టుంది. ఆ తువాలు అడ్డం. ముఖం కనబడితే కదా చూసినవాడి గుండె పట్టేది? ఇంకాస్త దగ్గరికి వెళ్లాల్సింది."

డాక్టరు తొడ చరిచాడు. "అదీ మాట! ఇన్నాళ్లలో మీ నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట."

చిన్నకోడలికి పద్ధతి గుర్తులేదు. "దగ్గరిది కూడా ఉంది సార్" అనేసింది.

రెండోది వేశారు. తువాలు జారిపోయింది. నోరు తెరుచుకుని ఉంది, పెదవి నుంచి చొంగ తీగలా సాగింది, ముక్కు కారుతోంది, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఈసారి ఎవరూ జోకు వేయలేదు. దీన్ని ఎగ్జిబిషన్లో పెడుతున్నామని డాక్టరు అక్కడికక్కడే చెప్పేశాడు.

బస్టాపులో చిన్నకోడలు మెల్లగా అంది: "ఆయనకి చెప్పకు అక్కా. ఫోటోలంటే ఆయనకేం పట్టదు, ఆ వైపు రాడు."

"నేనెందుకు చెప్తానే?"

మాట తప్పలేదు. చెప్పలేదు. ఎగ్జిబిషన్ రోజు చిన్నకోడలు ముందే వెళ్లిపోయాక, మేడమెట్ల కింద నిలబడి మరిదిని కేకేసింది. "ఏరా, నీ పెళ్లాం ఫోటోకి మొదటి బహుమతట. ఊరంతా చూస్తోంది, నువ్వు చూడవా?"

"నన్ను రావద్దంది వదినా. విసుగొస్తుందట."

"సిగ్గురా దానికి. నువ్వొస్తే లోపల్లోపల పొంగిపోతుంది. ఆ ఇస్త్రీ చొక్కా వేసుకో."

వేసుకున్నాడు. తల కూడా నున్నగా దువ్వుకున్నాడు.

గ్రంథాలయం హాల్లో జనం బాగానే ఉన్నారు. బహుమతి ఫోటోను ఎదురు గోడకు, తలుపంత పెద్దది చేసి పెట్టారు. దూరం నుంచి వాడికి ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ ఆనలేదు. "ఏంటి వదినా అది, తోటా?" అన్నాడు. "దగ్గరికెళ్లి చూడు" అందామె. వెళ్లాడు. ఇంకా దగ్గరికి వెళ్లాడు. ముక్కు గోడకు తగిలేంతగా వంగాక ఆగిపోయాడు.

"బాబూ, కాస్త తప్పుకుంటారా? మేం కూడా చూడాలి" అన్నారు వెనక నుంచి ఎవరో.

వాడు తిరిగాడు. డాక్టరు వాడి ముఖం చూశాడు, గోడ మీది ముఖం చూశాడు. లాటరీ తగిలినవాడిలా వెలిగిపోయాడు.

"మీరేనా! అయ్యో, ముందే చెప్పరేం? ఉండండి, కదలకండి. ఫోటో పక్కన నిలబడండి ఒక్క నిమిషం!"

పదిమందీ కెమెరాలు ఎత్తారు. చిన్నకోడలు హాలు అవతలి చివర టీకప్పు పట్టుకుని కొయ్యబారిపోయింది. వాడు నిలబడమన్న చోట నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక, ఫోటో తీసేటప్పుడు ఎవరైనా చేసే పనే చేశాడు, నవ్వాడు.

"నవ్వొద్దు సార్," అన్నాడు కొంగ, కన్ను కెమెరాకు ఆనించి. "నవ్వితే మీరు మీలా లేరు."

వాడు నవ్వు తీసేశాడు. అందరూ తీసుకునేదాకా అలాగే ఉండి, చొక్కా సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఒకావిడకు తగిలి, క్షమించమని కూడా అడిగాడు.

ఆ మర్నాటి నుంచి డిపోలో వాడు బకెట్ పట్టుకుంటే చాలు, "కూర్చోవయ్యా, ఫోటోగ్రాఫర్‌ని పిలుస్తాం" అనేవాళ్లు. ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పైన తినడం మాత్రం మానేసి, కిందికొచ్చి వదిన దగ్గర కూర్చునేవాడు. ఆమె కొసరి కొసరి వడ్డించేది. నాలుగు రోజులు ఆమెకు కంటినిండా నిద్రపట్టింది.

ఐదో రోజు చిన్నకోడలు ఏడుస్తూ మెట్లు దిగింది. "నన్నే దోషిని చేసి కూర్చోబెట్టావు కదా. దగ్గరికి వెళ్లమన్నది ఎవరో అడుగు. అందరి ముందూ చెప్పింది అక్కే!"

వాడు కంచంలో చెయ్యి ఆపి వదిన వైపు చూశాడు. "నువ్వు కూడా చూశావా? అక్కడ, ముందే?"

"ఫోటో గురించి అడిగారు, ఫోటో గురించి చెప్పాను. నీ గురించి కాదు" అందామె. అని ఊరుకుంటే పోయేది. "అయినా నేను చెప్పేసరికే అది దీని దగ్గర ఉంది. నేనేం వెనక్కి పంపి తీయించలేదు."

అది నిజమే. వాడికి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. భార్య వైపు తిరిగాడు.

"మొదటిది తీశాక లోపలికి వచ్చావన్నమాట."

"గుమ్మం దాకా."

"నేను తువాలు తీసేసి ఉన్నాను."

"ఊఁ."

"రెండోది తీశాక ఏం చేశావు?"

చిన్నకోడలు చెంగుతో ముక్కు తుడుచుకుంది. "వంటింట్లోకి వెళ్లి చూసుకున్నాను."

"ఏం చూసుకున్నావు?"

"షేక్ అయిందేమోనని."

వాడు తలాడించాడు, దారి అడిగితే చెప్పినవాళ్లకు ఆడించినట్టు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. వదిన "అన్నం వదిలేసి లేవకురా" అంది. వాడు ఆమె వైపు చూడకుండా కుళాయి కట్టేసి, తడి చేతుల్ని ప్యాంటుకే తుడుచుకున్నాడు. తువాలు ముట్టుకోలేదు.

వారం తిరగకుండానే వేరే ఊళ్లో ఏదో గోడౌనుకు కాపలా పని కుదుర్చుకున్నాడు. తెల్లవారకముందే బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద చప్పుడుకు కింద పెద్దకోడలికీ పైన చిన్నకోడలికీ ఇద్దరికీ మెలకువ వచ్చింది. ఒకరు తలుపు తీస్తే రెండోవాళ్లు కనబడతారని ఇద్దరూ లేవలేదు. అన్నయ్యే గేటు దాకా వెళ్లి, గొళ్లెం పెట్టి వచ్చాడు.

తోటికోడళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. కానీ ఆదివారం రాగానే ఇద్దరూ బస్టాపులో తేలారు. వేరే ఎక్కడికి వెళ్తారు?

ఆ రోజు డాక్టరు హుషారుగా ఉన్నాడు. బహుమతి ఫోటోను బయటి పోటీలకు పంపాలని ఉందట. "ఒక్కటి సరిపోదమ్మా. ఆయన్నే ఇంకో ఐదారు తీయండి. వరసగా పెడితే దానికదే కథ అవుతుంది" అన్నాడు.

"ఆయన లేరు సార్. ఇల్లు వదిలి వెళ్లిపోయారు."

అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. పెద్దకోడలు తన కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అయ్యయ్యో," అన్నాడు డాక్టరు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "వెళ్లేటప్పుడు తీశారా?"

చిన్నకోడలు ఆలోచించింది.

"లేదు సార్," అంది. "ఇంకా చీకటిగా ఉంది."