మొదటి కాటుక

ప్రతి సోమవారం పొద్దున గిరిజమ్మ చేతికర్ర చప్పుడు మెట్ల మీద వినపడగానే, దీపాల గదిలో దేవమ్మ గబగబా అగ్గిపుల్ల గీసేది. వరసగా పన్నెండు ఆముదం దీపాలు, వాటి మీద బోర్లించిన ఇత్తడి పళ్లేలు. గిరిజమ్మ వాకిలి దాటుతూ ఆ గది గుమ్మం ముందు కాసేపు ఆగి, లోపలి వెలుగుకు దండం పెట్టుకుని ముందుకు సాగేది. కర్ర చప్పుడు దూరమయ్యాక దేవమ్మ ఒక్కొక్క దీపాన్నీ ఆర్పేసేది.

ఈ ఏర్పాటు ఆ కాటుక కంపెనీ నడిపే సంతోష్ చేసిందే.

"దీపం ముట్టించుడు, ఆర్పుడు. ముట్టించుడు, ఆర్పుడు. పాపం నాకు చుట్టుకుంటది సారూ," అని దేవమ్మ మొదట్లో గునిసింది.

"నోటితోని ఊదకు. పువ్వుతోని ఆర్పు. పాపముండదు."

"పువ్వు కంపెనీదా, నా ఇంటికెల్లి తెచ్చుకోవాల్నా?" అని ఆమె మొహం తిప్పుకుని నవ్వింది. న్యాల్‌కల్ నుంచి షేరింగ్ ఆటోలో వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు ఆ గదిలో మసి తీసిన మనిషి. ఆమెతో పాటు అక్కడ పనిచేసిన ఏడుగురిని సంతోష్ ఒకే మధ్యాహ్నం ఇంటికి పంపేశాడు. దేవమ్మను మాత్రం ఉంచుకున్నాడు. ఎంత కడిగినా నలుపు పోని ఆమె వేళ్లు వీడియోలో బాగా కనిపిస్తాయని.

జహీరాబాద్ చుట్టుపక్కల గిరిజ కాటుక తెలియని ఇల్లు లేదు. చెన్నబసప్ప అరవై ఏళ్ల కింద తన భార్య పేరు పెట్టి మొదలుపెట్టిన కంపెనీ అది. ఝరాసంగం రైతుల దగ్గర ఆముదాలు కొని, నూనె తీయించి, దీపం వెలిగించి, మసి పట్టి, నెయ్యితో నూరి, చిన్న రేకు డబ్బీల్లో పెట్టి అమ్మాడు. మొదటి ఏడాదే ఒకసారి కల్తీ నూనె వచ్చి, చిరాగ్‌పల్లిలో ఒక పసిపాప కళ్లు వాచిపోయాయి. చెన్నబసప్ప ఆ సరుకంతా గుంట తవ్వి పూడ్చేసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చున్నాడు. అప్పటికి గిరిజమ్మకు పద్దెనిమిదేళ్లు. "ఇగ మీద ఏ సరుకైనా ముందుగాల నా కండ్లకు పెట్టుకుంట. పొద్దుగూకేదాక చూస్త. మంచిగుంటేనే లారీ ఎక్కియ్యున్రి," అంది.

ఆ రోజు నుంచి అదే ఆ ఇంటి కట్టు. సోమవారం స్నానం, లింగపూజ ముగించి, నుదుట మూడు వరసల విభూతితో ఆమె ప్యాకింగ్ బల్ల దగ్గరికి వస్తుంది. చెయ్యి ఏ ట్రేలోకి పోతే ఆ ట్రేలోంచి ఒక డబ్బీ తీస్తుంది. ఉంగరం వేలితో రెండు కళ్లకూ దిద్దుకుని, గేటు పక్క రేకుల కింద కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుంటుంది. పొద్దు వాలాక "మంచిగుంది, పంపున్రి" అంటుంది. భర్త పోయినప్పుడు కూడా ఆమె ఈ కట్టు తప్పలేదు. కొడుకు చనిపోయిన ఏడాది ఒక్క సోమవారం తప్పింది. ఆ వారం సరుకు కదల్లేదు.

కొడుకు పోయాక కంపెనీ మునగడం మొదలైంది. పెన్సిల్ కాటుకలు వచ్చాయి. వేలితో పెట్టుకునే డబ్బీ ముసలమ్మల వస్తువైపోయింది. అప్పుడు గిరిజమ్మ, తన మనవరాలు శ్రుతి భర్తను పిలిపించింది. సంతోష్ హైదరాబాద్‌లో ఒక సబ్బుల కంపెనీలో అమ్మకాలు చూసేవాడు. ఆమె తాళాల గుత్తి అతని చేతిలో పెట్టి, "దసరా దాక చూడు సంతోషప్పా. నిలబడితే నిలబెట్టు. లేకుంటే మూసేద్దాం. నా పేరు మీద పాడు సరుకు మాత్రం పోవద్దు," అంది.

సంతోష్ తెలివైనవాడు. మూడు నెలల్లో అతనికి అర్థమైంది, ఈ కంపెనీలో అమ్ముకోదగింది కాటుక కాదు, ముసలమ్మ అని. ఆమె కాటుక దిద్దుకుంటుంటే ఫోన్‌లో వీడియో తీశాడు. కింద "మొదటి కాటుక మా ఇంటి కంటికే" అని రాయించాడు. లక్షల మంది చూశారు. ఆర్డర్లు వచ్చాయి. అన్ని ఆర్డర్లకు పన్నెండు దీపాల మసి ఏ మూలకూ చాలదు. అందుకని డ్రమ్ముల్లో నల్లపొడి తెప్పించాడు. కంటికి పనికొచ్చే పొడి వేరే ఉంది. దాని ధర మూడింతలు. ఇతను తెప్పించింది టైర్లలో కలిపే రకం. ఘాటుగా కర్పూరం కలిపితే వాసనలో తేడా తెలియలేదు. ఈ ఒక్క ఏడాదే, నిలదొక్కుకున్నాక మంచిది తెప్పిద్దాం అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు.

ఒకసారి గిరిజమ్మకు మాత్రం దీపాల కాటుక ఇద్దామని, పాత సరుకులోని డబ్బీ తీసి చేతికందించాడు. ఆమె ముట్టుకోనైనా లేదు. "ఇచ్చిన డబ్బీ గాదప్పా. నా చేతికి దొరికిన డబ్బీనే పెట్టుకోవాలె. లేకుంటే గిది నాటకం గాదా?" అంది.

ఇంక అతను ప్రయత్నించలేదు.

ఆరో నెలకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లు కారడం ఆగలేదు. సంతోషే కారులో కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. కళ్ల డాక్టర్ మదన్‌మోహన్ ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టించి, ఇతనితో కటువుగానే చెప్పాడు. "నల్లగుడ్డు మీద పొర మొత్తం గీసుకపోయింది. ఏం పెడ్తున్నరయ్యా ఆ కండ్లల్ల? ముందుగాల అది బంద్ చేయించున్రి. లేకుంటే చూపు దక్కదు."

తిరిగి వచ్చేటప్పుడు కారులో గిరిజమ్మ అడిగింది. "ఏమన్నడప్పా డాక్టరు?"

ఆమె కాటుక మానేస్తే లారీ కదలదు. మానేసినట్టు తెలిస్తే వీడియో అబద్ధమవుతుంది. అవన్నీ ఆలోచించడానికి సంతోష్‌కు ఒక రోడ్డు మలుపంత సేపు కూడా పట్టలేదు.

"మోతిబిందు మొదలైందట అవ్వా, కంటిల శుక్లం. వయసు గదా."

"కాటుకతోని గాదంటవా?"

"కాటుకకేమైంది? మంచిగనే ఉంది."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. మెడలో లింగకాయను చేత్తో పట్టుకుంది. "శివశివా. మండుతుంటే మన కాటుకల్నే ఏదో లోపమొచ్చిందని రెండు నెలల సంది భయపడుకుంట కూసున్న. నా కండ్లే పాడైనయన్నమాట. మంచిదే."

ఆ 'మంచిదే' అన్న మాట సంతోష్ చెవిలో రెండు రోజులు మోగింది. మూడో రోజు మోగలేదు.

తర్వాత ప్రతి సోమవారం ఆమె దిద్దుకునేది, మండేది, కొంగుతో తుడుచుకునేది. సాయంత్రం "మంట నా కండ్లది, కాటుకది గాదు. పంపున్రి" అనేది. కారే నీళ్లను కూడా సంతోష్ వీడియోలో ఉంచాడు. జనం వాటిని ఆనందబాష్పాలనుకున్నారు.

ఇంతలో శ్రుతికి ఆడపిల్ల పుట్టింది. హైదరాబాద్‌లో పెద్ద షాపులు నడిపే సంస్థ నుంచి ప్రియదర్శిని అనే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ల షాపులన్నిటిలో గిరిజ కాటుక పెట్టే మాట. అది కుదిరితే దసరా గండం గట్టెక్కినట్టే.

"పాపను తొట్టెల్లో వేసే వేడుక ఎప్పుడు సంతోష్ గారూ?"

"వచ్చే సోమవారం మేడమ్."

"సోమవారమా! అయితే సంతకాలు ఆ రోజే పెట్టుకుందాం. ముత్తవ్వ చేత్తో మునిమనవరాలికి మొదటి కాటుక! ఇంతకంటే మంచి వీడియో ఎక్కడ దొరుకుతుందండీ? తప్పకుండా తీయాలి."

"తప్పకుండా మేడమ్," అన్నాడు సంతోష్. ఫోన్ పెట్టేశాక బీరువా తెరిచి, దీపాల గది చివరి సరుకులో దాచిపెట్టిన మూడు డబ్బీల్లోంచి ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ మూడూ అతను తన బిడ్డ కోసమే దాచాడు. దాచినప్పుడు, ఎందుకు దాస్తున్నానని తనను తాను అడగలేదు.

సోమవారం ఇల్లు కిటకిటలాడింది. ప్యాకింగ్ షెడ్డులోనే తొట్టెల కట్టారు, ప్రియదర్శిని అడిగింది కనక. డీలర్లు వచ్చారు. బయట లారీ నిలబడి ఉంది. గిరిజమ్మ కర్ర తడుముకుంటూ వచ్చింది. దేవమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ముసలామె చెయ్యి బల్ల మీద పాకి, నడుమనున్న ట్రేలోంచి ఒక డబ్బీ తీసి, మూత విప్పింది. ప్రియదర్శిని ఫోన్ పైకెత్తింది. శ్రుతి పాపను ఎత్తుకుని మొహం ముందుకు పెట్టింది.

"అవ్వా, ఇగో, గీ డబ్బీ," అన్నాడు సంతోష్. జేబులోని డబ్బీ తీసి చాపాడు.

"ఏందప్పా?"

"పాప కోసం తీసిపెట్టిన. గిది పెట్టు."

"నా చేతికి దొరికింది ఉన్నది గద."

"పసిపిల్ల అవ్వా. జర గిదే పెట్టు."

గిరిజమ్మ చెయ్యి చాపి అతని డబ్బీ తీసుకుంది. మూత తీసి, వేలి కొసకు రాసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నెయ్యి వాసన. కాలిన ఆముదం వాసన. తర్వాత రెండో చేతిలోని డబ్బీని వాసన చూసింది. చూపు దాదాపు పోయిన ఆ కళ్లు అతని మొహం ఎక్కడుందో వెతుక్కుని అక్కడ ఆగాయి.

"గిది దీపం కాటుక," అంది, అతనికొక్కడికే వినపడేంత మెల్లగా. "మరి గదేంది సంతోషప్పా?"

అతను ప్రియదర్శిని చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"నాకు మోతిబిందు అంటివి."

దేవమ్మ తల వంచుకుంది. గిరిజమ్మ అతనిచ్చిన డబ్బీని మూసి నడుముకు దోపుకుంది. తర్వాత అందరికీ వినపడేలా గొంతు పెంచింది.

"అందరు వినున్రి. నాకు కండ్లు కానొస్తలేవు. ఇయ్యాలటి సంది ఈ ఇంటికి పెద్ద సంతోషప్పనే. మొదటి కాటుక ఇగ ఆయన కండ్లకే. పొద్దుగూకినంక లారీ పంపాల్నా వద్దా ఆయననే చెప్తడు. వంగు బిడ్డా."

ఎవరో చప్పట్లు కొట్టారు. "అబ్బా, ఎంత బాగుంది!" అంది ప్రియదర్శిని. సంతోష్ వంగాడు. గిరిజమ్మ ఎడమ చేత్తో అతని గడ్డం గట్టిగా పట్టుకుని, ట్రేలోంచి తీసిన డబ్బీలో వేలు ముంచి, కింది రెప్ప లాగి, ఈ కొస నుంచి ఆ కొసకు మందంగా గీసింది. రెండో కంటికీ అంతే.

"పెండ్లికొడుకు లెక్కున్నవయ్యా!" అని ఒక డీలరు అరిచాడు. అందరూ నవ్వారు. సంతోష్ కూడా నవ్వాడు, ఫోన్ అతని వైపే ఉంది.

రేకుల కింద ఆమె కుర్చీలోనే అతన్ని కూర్చోబెట్టారు. పక్కన పీట వేసుకుని గిరిజమ్మ కూర్చుంది. గంట లోపే ఇసుక పోసినట్టు కళ్లు గరగరలాడాయి. మధ్యాహ్నానికి రెప్ప వేస్తే మంట, వేయకపోతే మంట. ఇది ఈమె ఎన్ని సోమవారాలు కూర్చున్న మంట అని లెక్కపెట్టబోయి మానుకున్నాడు. గిరిజమ్మ వేళ్ల కణుపుల మీద శివనామం లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

పొద్దు వాలింది. ప్రియదర్శిని కాగితాలు పట్టుకుని వచ్చి నిలబడింది. లారీ డ్రైవరు వీరన్న బీడీ ఆర్పి లేచాడు.

"చెప్పు సంతోషప్పా. మండుతున్నదా?"

అతనికి ఎదుట ఉన్నవాళ్లు నీళ్లలో మునిగినట్టు కనిపిస్తున్నారు. కాగితాల తెలుపు మాత్రం బాగా కనిపించింది.

"లేదవ్వా. మంచిగుంది. పంపున్రి."

గిరిజమ్మ పెదవులు కదిలాయి. అది శివనామమో, ఆపమనే మాటో అతనికి తెలియలేదు. లారీ కదిలి హైవే వైపు తిరిగింది. ఆమె పేరున్న డబ్బీలు, ఎవరెవరి పసిపిల్లల కళ్లకో. ఆమె దాన్ని ఆపి ఉండవచ్చు. ఎందుకు ఆపలేదో, మెడలోని ఆ లింగానికి రోజూ ఏమని చెప్పుకుంటుందో, ఆమెకే తెలియాలి.

"మంచిగుందంటున్రు గద, అయితే పాపకు గూడ పెడత," అని శ్రుతి బల్ల మీది డబ్బీ అందుకుంది. సంతోష్ లేవబోయాడు. అతని కంటే ముందే గిరిజమ్మ చెయ్యి డబ్బీ మీద పడి మూత మూసేసింది.

"గిది పెద్దోళ్లకు బిడ్డా," అంది. నడుములోంచి రెండో డబ్బీ తీసి, వేలికి దీపం కాటుక రాసుకుని, పాప కళ్లను తడుముకుంటూ సన్నగా దిద్దింది. పాప ఏడవలేదు. రెప్పలు ఆర్పి చూసింది.

దేవమ్మ సంతోష్ పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "సారూ, వచ్చే సోమారం దీపాలు ముట్టియ్యాల్నా? అవ్వకు ఎరుకైంది గద, ఇంకెవలి కోసం?"

"ముట్టియ్యి. మేడమ్ వాళ్లు మళ్ల వీడియో తీస్తరట."

"పువ్వుతోనే ఆర్పుత తియ్," అని ఆమె వెళ్లిపోయింది.

తర్వాతి సోమవారం కర్ర చప్పుడు వేళకే వినపడింది. దీపాలు వెలిగాయి. గిరిజమ్మ ఈసారి ఆ గుమ్మం ముందు ఆగలేదు. నేరుగా బల్ల దగ్గరికి పోయి, చేతికి దొరికిన డబ్బీ తీసుకుని, ఎర్రటి కళ్లతో కూర్చున్న సంతోష్ ముందుకొచ్చి నిలబడింది. అతను మొహం పైకెత్తాడు.

"పోయినవారం మండిందా బిడ్డా?"

"లేదవ్వా."

"నాకు గూడ మండలే," అంది గిరిజమ్మ. అతని గడ్డం పట్టుకుని, కింది రెప్ప లాగింది.